కాటిలో వినబడిన ప్రశ్న



నీ గ్రామములో హరిశ్చంద్ర నాటకము ఆడగా నీవు చూచియుందువు. చూడకపోయినను, తిరునాళ్ళ రాత్రి రెండు జాములు దాటిన తరువాత మైకులో నుండి కాటిసీను పద్యములు పొలముల మీదుగా మీ పేట వరకు వచ్చి నీ చెవిని పడియే యుండును. మనలో అనేకులము దానిని లోకసంబంధమైనదని చెప్పి దుప్పటి ముసుగు పెట్టుకొన్నవారమే. ముసుగు పెట్టుకొన్నను వినబడెడి స్వరమది. ఈ మాసము ఆ కాటిసీనును గూర్చి నీతో మాటలాడవలెనని యున్నది. నాకొక పాత బాకీ ఉన్నది. అందుకే ఇది వ్రాయుచున్నాను.

నేను సేవ చేయుచున్న నార్సింగి హైదరాబాదునకు పడమటి కొసను, గండిపేట చెరువుకు దాపున, ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కను ఉన్నది. ఒకప్పుడిది పొలముల ఊరు. ఇప్పుడు తలయెత్తి చూచిన మెడ నొప్పిపుట్టునంత మేడలు. పొరుగుననున్న కోకాపేటలో 2023లో ప్రభుత్వము భూమి వేలము వేయగా ఒక తావున ఎకరము 100 కోట్ల రూపాయలు దాటి పలికెను. ఆ మేడలు కట్టువారును, వాటి గేటు దగ్గర కావలి కూర్చుండువారును పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి, పల్నాడు నుండి బ్రతుకుతెరువుకు వచ్చిన జనము. నా సంఘములో సగము మంది వారే.

రెండు సంవత్సరముల క్రిందట వానకాలములో ఒక పంతొమ్మిదేండ్ల పిల్లవానిని భూస్థాపన చేసితిమి. మోటారుసైకిలు మీద ఇండ్లకు భోజనపు పొట్లములు చేర్చు పని వానిది. రాత్రివేళ లారీ తగిలి పోయినాడు. తల్లిదండ్రులు లేని ఆ బిడ్డను పెంచినవాడు తాత. ఆయన వినుకొండ దగ్గర పల్లెవాడు, ఇక్కడ ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. పాట పాడితిమి, వాక్యము చదివితిని, మన్ను వేసితిమి. జనము రెండడుగులు వెనుకకు జరిగిరి. అప్పుడా వృద్ధుడు మట్టిదిబ్బ మీద ఒక కొవ్వొత్తి నిలిపి, గాలికి చేయి అడ్డుపెట్టి, తనలో తాను అనుకొన్నట్లుగా ఒక పద్యము ఎత్తుకొనెను. ఆ గొంతు వణకుచున్నను రాగము తప్పలేదు. అది కాటిసీనులోని పద్యము. క్రొత్త సమాధి మీద చీకటిలో వెలుగుచున్న దీపమును గూర్చినది.

మా సంఘపెద్ద ఒకాయన ముందుకు వచ్చి, “ఏందయ్యా ఇది? ప్రభువునందు నిద్రించిన పిల్లగాని సమాధి కాడ నాటకం పద్యాలేంది? బంద్ చెయ్యి” అనెను. వృద్ధుడు ఠక్కున ఆగిపోయి, పెద్దవైపు గాక నావైపు చూచి, “తప్పయిపోయిందయ్యగారూ. నోటికొచ్చేసింది” అనెను.

ఆ పద్యము వ్రాసినది ఎవరో నేనెరుగుదును. వ్రాసినవాని పేరు జాషువా అని ఎరుగుదును. నేను నోరు తెరవలేదు. ఆశీర్వచనము పలికి అందరిని ఇండ్లకు పంపివేసితిని.

ఆనాడు చెప్పవలసిన మాట నేడు చెప్పుచున్నాను. దయచేసి ఓపికతో వినుము.

తెరయును, రంగమును, అచ్చుపుస్తకమును, టిక్కెట్టును గల నాటకము మన తెలుగువారికి మిక్కిలి పాతది కాదు. 1880లో రాజమండ్రిలో వీరేశలింగము పంతులు తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించిన దగ్గర నుండి దాని లెక్క వేయుదురు. 1885లో కడప సీమలోని సురభి గ్రామములో ఒక కుటుంబము నాటకమునే జీవనముగా చేసికొనెను. ఆ కుటుంబపు శాఖలవారు నేడు మా నార్సింగికి కొద్ది దూరములో శేరిలింగంపల్లి సురభి కాలనీలో కాపురముండి ఇప్పటికిని తెర లేపుచునే ఉన్నారు. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు నాటకములు వ్రాసి ఆడించిరి. నాటకము మంగళముతోనే ముగియవలెనని మన పూర్వుల నియమము. ఆచార్యులవారు ‘విషాద సారంగధర’లో ఆ నియమమును దాటిరి. నిర్దోషి శిక్షింపబడగా చూచి జనము కన్నీటితోనే ఇంటికి పోవలసివచ్చెను. ఇది చిన్న మార్పు కాదు, చదువరీ. మంచివానికి ఈ గతి ఏల పట్టెను అను ప్రశ్నకు కవి జవాబు చెప్పక, దానిని చూచువాని ఒడిలో పెట్టి పంపుటకు మొదలైనది.

హరిశ్చంద్రుని కథ మాత్రము ఎంతో పూర్వమునుండి ఉన్నది. మార్కండేయ పురాణములో ఉన్నది. పదునైదవ శతాబ్దములో గౌరన ద్విపదగా పాడెను. వీరేశలింగమును దానిని నాటకముగా వ్రాసిరి. గుజరాతులో గాంధీ చిన్నవాడై యున్నప్పుడు ఈ నాటకమును చూచి, మరల మరల మనస్సులో తానే ఆడుకొనుచు, లోకములో అందరు అట్టి సత్యవంతులేల కాకూడదని తన్ను తాను అడుగుకొన్నట్లు ఆత్మకథలో వ్రాసికొనెను. ఇన్ని హరిశ్చంద్రలలో తెలుగు పల్లెల నోట నిలిచినది గుంటూరు సీమవాడైన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912లో వ్రాసిన ‘సత్య హరిశ్చంద్రీయము’. ఆయన తానే నక్షత్రకుని వేషము కట్టెడివాడు. అప్పు వసూలునకు వెంటబడి ప్రాణము తీయువానిని నేటికిని మనము నక్షత్రకుడని అందుము గదా. ఆ మాట మన ఇండ్లలోనికి ఈ నాటకము ద్వారానే ఇంతగా వచ్చెనని నా తలంపు.

కథ నీకు తెలిసినదే. దేవతల సభలో ఇద్దరు ఋషులకు పంతము వచ్చును. ఒకరు హరిశ్చంద్రుడు అబద్ధమాడడందురు, మరియొకరు ఆడించెదనందురు. ఆ పందెమునకు భూమి మీద ఒక మనుష్యుని కాపురము కూలిపోవును. రాజ్యము పోవును. కాశీ బజారులో భార్యను, కుమారుని అమ్మును. తరువాత తన్ను తాను కాటి యజమానియైన వీరబాహునికి అమ్ముకొనును. అయోధ్య రాజు అంటరానివాని బంటై, పీనుగునకింత అని సుంకము వసూలు చేయుచు, కర్ర పట్టుకొని కాటిలో నిలుచును. ఆ కాటికే పాము కరచి చనిపోయిన తన కుమారుని భుజముపై వేసికొని భార్య వచ్చును. తన బిడ్డ శవమునకు తానే సుంకమడుగవలసిన గడియ అది.

యోబు గ్రంథము చదివినవానికి ఇది క్రొత్తగా తోచదు. అక్కడను పరలోక సభలో ఒక సవాలు ఉన్నది. అక్కడను ఏమియు నెరుగని నీతిమంతుడు బూడిదలో కూర్చుండెను. అయితే ఒక భేదమున్నది. యోబు నోరు తెరచి దేవునితో వ్యాజ్యెమాడెను. హరిశ్చంద్రుడు వ్యాజ్యెమాడడు. ఆడినమాట అను ఒక్క త్రాటిని పట్టుకొని వ్రేలాడుచుండును. అందువలన అతని బదులు ప్రశ్న అడుగవలసిన పని చూచువారి మీద పడును. చివరకు దేవతలు ప్రత్యక్షమై అన్నియు తిరిగి ఇత్తురన్న మాట నిజమే. కాని పల్లెజనము ఆ ముగింపు కొరకు వేచియుండుట నేను అంతగా చూడలేదు. కాటిసీను కాగానే చాపలు చుట్టుకొని లేచువారే అధికులు. అనేక తావులలో మొత్తము నాటకము మాని కాటిసీనును మాత్రమే విడిగా ఆడించుకొను వాడుకయు వచ్చినది. పోయినదంతయు తిరిగి వచ్చుట వారెన్నడు ఎరుగరు. బిడ్డ శవముతో కాటికి వచ్చి, దహనమునకు డబ్బు లేక నిలిచిన తల్లిని ఎరుగుదురు. తమకు తెలిసినంతవరకు చూచి లేచిపోవుదురు.

ఇప్పుడు జాషువా సంగతికి వచ్చెదను.

1912లో బలిజేపల్లివారి నాటకము పుట్టినప్పుడు గుఱ్ఱము జాషువాకు ఇంకను పదునెనిమిది నిండలేదు. కనుక మొదట ఆ కాటిసీను ఆయన పద్యములు లేకుండగనే ఆడబడెను. ఆయన తరువాత ‘స్మశానవాటి’ అను ఖండకావ్యము వ్రాసెను. అది నాటకము కొరకు వ్రాసినది కాదు. అందులో హరిశ్చంద్రుడు లేడు, కాశీ లేదు. కవి ఒక్కడు వల్లకాటిలో నిలిచి చూచుచున్నాడు. కవి కలము, రాజు ముద్ర, క్రొత్త పెండ్లికూతురి సౌభాగ్యము, చిత్రకారుని కుంచె, అన్నియు ఇక్కడనే కదా బూడిదయైనవని తలపోయుచున్నాడు. పిమ్మట, అంటరానితనము తిరుగాడుటకు చోటులేని తావు ఇది ఒక్కటే యని చెప్పుచున్నాడు. నటులు ఈ పద్యములను విని విడువలేకపోయిరి. తెచ్చి హరిశ్చంద్రుని నోట పెట్టిరి. జనము ‘వన్స్ మోర్’ అనిరి. డి.వి. సుబ్బారావు వంటి ప్రసిద్ధ హరిశ్చంద్రుల కాలమునకు అవి నాటకములో విడదీయరానివై పోయెను. నేడు పల్లెలో వినువారిలో అనేకులు అవి బలిజేపల్లివారివే అనుకొందురు.

చదువరీ, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుము. రాజు అంటరానివాని బంటుగా నిలిచిన ఘట్టమది. ఆ ఘట్టమునకు మాటలు చాలక, తెలుగు నాటకరంగము తనకు తెలియకయే వెదకికొనుచు పోయి, నిజముగా అంటరానివానిగా చూడబడిన ఒక మనుష్యుని యొద్ద మాటలు తెచ్చుకొనెను. ఆ మనుష్యుడు క్రైస్తవుల ఇంట పుట్టినవాడు. నాకు మరియొకటియు తోచును. కాశీలో కాల్చుదురు గాని పూడ్చుట అరుదు గదా, హరిశ్చంద్రుని కాటిలో దీపము పెట్టిన క్రొత్త సమాధి ఎక్కడిది? అది వినుకొండ ప్రక్క ఏదో పేటలోని మన సమాధుల దొడ్డిలోనిదని నేననుకొందును. ఇది నా ఊహయే. కాని మన సమాధులపై దీపము పెట్టు అలవాటు ఎరిగినవాడెవడును దీనిని త్వరగా కొట్టివేయడు.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టెను. తల్లిదండ్రులు వీరయ్య, లింగమాంబ. వారిది కులాంతర వివాహము, ఇద్దరును క్రైస్తవులు. వినుకొండ నాడు అమెరికను బాప్టిస్టు మిషను క్షేత్రము. యౌవనములో మిషను పాఠశాలలో కొద్ది జీతమునకు పంతులుగా పనిచేసెను. ఆ పని పోగా 1915 ప్రాంతమున రాజమండ్రి పోయి, మాటలు లేని సినిమాలకు తెర ప్రక్కన నిలిచి కథ చదివి వినిపించు పనిలో కుదిరెను. తరువాత గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేండ్లు బోధించెను. నాటకములు తానును వ్రాసెను. ‘రుక్మిణీ కల్యాణము’, ‘మీరాబాయి’, ‘తెరచాటు’ ఆయనవే. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యము చదువగా, తక్కువ కులమువాడిని సభలోనికి ఎవరు రానిచ్చిరని కొందరు అవమానించిరి. ఆ బాధయే 1941లో ‘గబ్బిలము’ అయినది. గుడిలోనికి పోజాలని నిరుపేద, గుడిలోపల తలక్రిందుగా వ్రేలాడగల గబ్బిలముతో శివునికి తన మొర చెప్పి పంపును. దేవునికి విన్నపము చేయుటకు గబ్బిలమును వెదకవలసివచ్చిన మనుష్యుని కంటె ఎక్కువ ఆత్మవేదన గలవాడు ఎవడు?

అటువైపువారు కులము చూచి త్రోసిరి. ఇటువైపు మనమేమి చేసితిమి? రుక్మిణిని గూర్చి, శివుని గూర్చి వ్రాయుచున్నాడని మన క్రైస్తవ పెద్దలును నిరసించిరి. దానిని వ్రాయుటకు నా చేయి వెనుదీయుచున్నది గాని నిజము నిజమే.

అయినను మన పెద్దలను ఊరక నిందించుట న్యాయము కాదు. వారి భయమునకు కారణమున్నది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ఒంగోలు క్లౌ దొరగారు వారికి పెట్టిన నియమములు స్వల్పము: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. ఆ మూడవ నియమములోనే గ్రామదేవత కొలుపులకు డప్పు కొట్టుట మానవలసివచ్చెను. డప్పు మన పూర్వులకు వినోదము కాదు, వెట్టి. మానినందుకు దెబ్బలు తినిరి, కూలి పోగొట్టుకొనిరి. అంత వెలపెట్టి తెంచుకొన్న త్రాడు గనుక, రంగస్థలపు హార్మోనియము వినబడినను వారికి మరల ఆ త్రాడే కనబడెను. సంఘమునకు నాటకమన్న భయము క్రొత్తదియు కాదు. 200వ సంవత్సర ప్రాంతమున తెర్తుల్లియను ఆఫ్రికా ఖండపు కార్తేజిలో ఉండి నాటకశాలలకు పోవు క్రైస్తవులను గద్దించుచు ఒక గ్రంథమే వ్రాసెను. ఆ కాలపు రోమా వేడుకల రక్తపాతమును, బూతును తలంచిన ఆయనను తప్పుపట్టలేము.

కాని చరిత్రలో ఒక విచిత్రము జరిగెను. ఏ సంఘము నాటకమును వెలుపలికి గెంటెనో ఆ సంఘములోనే అది మరల పుట్టెను. పదియవ శతాబ్దములో ఈస్టరు ఆరాధనలో సన్యాసులు ఒక చిన్న ఘట్టమును కలిపిరి. 970 ప్రాంతమున ఇంగ్లాండులో వించెస్టరు బిషపు ఎథెల్‌వోల్డు దానిని ఎట్లు ఆడవలెనో వ్రాసి యుంచెను. తెల్లని అంగీ తొడిగిన ఒకడు దూతగా సమాధి ప్రక్క కూర్చుండవలెను. ముగ్గురు ధూపము పట్టుకొని, దేనినో పోగొట్టుకొని వెదకువారివలె మెల్లగా రావలెను. మీరెవరిని వెదకుచున్నారని దూత వారిని అడుగవలెను. ఐరోపా నాటకము మరల కన్ను తెరచినది అక్కడ, ఒక సమాధి దగ్గర, వెదకువారిని అడిగిన ఒక ప్రశ్నతో. రాగల వేయి సంవత్సరముల నాటకము ఆ నాలుగు మాటలలో నుండి పెరిగెను. సమాధి దగ్గర పద్యమేమిటని గద్దించినప్పుడు మా పెద్దకు ఇది తెలియదు. నాకు తెలియును. దైవశాస్త్ర కళాశాలలో చదివియుంటిని, పరీక్షలో వ్రాసియుంటిని.

మన కాలపు పాశ్చాత్య నాటకములో ఆ వెదకుటయే మిగిలి, దూత కనబడకుండ పోయెను. 1953 జనవరిలో పారిసు నగరములో సామ్యూలు బెకెట్ వ్రాసిన ‘గోడో కొరకు’ అను నాటకమును ఆడిరి. ఒక మోడు చెట్టు క్రింద ఇద్దరు దిక్కులేనివారు గోడో అనువాని కొరకు కాచుకొని యుందురు. నేడు రాడు, రేపు తప్పక వచ్చునని ఒక పిల్లవాడు వచ్చి చెప్పిపోవును. మరునాడును అదే మాట. పండితులనేకులు ఇందులో ఏమున్నదని విసుగుకొనిరి. కాని 1957లో అమెరికాలో శాన్ క్వెంటిను చెరసాలలో వెయ్యి మందికి పైగా ఖైదీల యెదుట దానిని ఆడగా, వారు నిశ్శబ్దముగా కూర్చుండి చూచిరి. ఎదురుచూచుట ఎట్టిదో వారికి ఎవరును విప్పిచెప్పనక్కర లేకపోయెను. 1958లో ఆర్చిబాల్డు మెక్లీషు యోబు కథనే తీసికొని ‘జె.బి.’ అను పేరుతో నాటకము వ్రాయగా న్యూయార్కులో ఆడిరి. సర్కసు డేరాలో బుడగలు, తినుబండారములు అమ్ము ఇద్దరు ముసలి నటులు ముసుగులు తగిలించుకొని దేవుడును సాతానునై పందెము వేసికొందురు. జె.బి. ధనవంతుడైన వ్యాపారి. యుద్ధము, ప్రమాదము, బాంబు ఒకదాని వెంట ఒకటి వచ్చి బిడ్డలనందరిని తీసికొనిపోవును. చివరకు అతని ప్రశ్నకు జవాబు రాదు. విడిచిపోయిన భార్య మాత్రము ఒక పూలకొమ్మ పట్టుకొని తిరిగివచ్చును.

ఆ ముగింపుతో నేను ఏకీభవింపను. భార్యాభర్తల ప్రేమ గొప్పదే గాని, సమాధిని తెరువదు. అయినను మెక్లీషు అబద్ధపు ఓదార్పు ఇవ్వలేదు. అది మేలు. దుఃఖించువారి ఇంట కూర్చుండి, దేవుని చిత్తమని ఒక్కమాటతో మూటకట్టి లేచివచ్చిన బోధకులము మనము ఎందరము లేము?

అదే 1958లో గుంటూరు సీమలో ఏమి జరిగెనో చూడుము. అరువది దాటిన జాషువా ‘క్రీస్తు చరిత్ర’ను పద్యకావ్యముగా వెలువరించెను. మనవారు పరాయివాడని చూచిన కవి, ఎవరును అడుగకుండగనే, వచ్చి ప్రభువు జీవితమును పాడెను. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ దానికి బహుమానమిచ్చెను. అంతకు ముందే, ‘పాండవోద్యోగ’ నాటకకర్తలైన తిరుపతి వేంకటకవులలో ఒకడైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తెలుగు పండితులందరికి గురువు, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరము తొడిగెను. బ్రాహ్మణ పండితుడు ఆ పాదమును ముట్టెను. మనము చేయి చాచుటకును తడవుచేసితిమి. 1971 జూలై 24న ఆయన గుంటూరులో కన్నుమూసెను.

ఆయన చివరి దినములలో విశ్వాసియా, అవిశ్వాసియా అని తగవులాడువారున్నారు. ఆయన కుమార్తె హేమలత నాస్తికుడైన గోరాగారి కుమారుడు లవణమును వివాహమాడి, జోగినుల కొరకు, స్టువార్టుపురమువారి కొరకు పాటుపడిన సంగతి లోకమెరుగును. ఒక మనుష్యుని విశ్వాసమును తూచుటకు నాయొద్ద త్రాసు లేదు. ఆయన వదలిపోయిన పద్యములలో మాత్రము దేవుని వెదకుట ఎక్కడను ఆగలేదు. కోపముతోనైనను వెదకెను, గబ్బిలము చేతనైనను అడిగించెను. కోపము ఉన్నచోట ఎదుట ఎవడో ఉన్నాడను నమ్మకమును ఉండునని, ముప్పది యేండ్లు సమాధుల దగ్గర నిలిచిన తరువాత నేను నేర్చుకొంటిని. మన కీర్తనల గ్రంథములో మూడవ వంతు ఇట్టి మొరలే కావా? మన ప్రభువు తానే సిలువ మీద, తండ్రి తన్నెందుకు విడిచెనని బిగ్గరగా అడుగలేదా? ఆ కేకను మధ్యలో ఆపుమని చెప్పుటకు అక్కడ మా సంఘపెద్ద లేడు, నేనును లేను.

యోబు గ్రంథపు కడపటి అధ్యాయమును మరల తీసి చదువుము. దేవుని పక్షముగా వాదించిన ముగ్గురు స్నేహితుల మీద దేవుడు కోపించెను. తనతో వ్యాజ్యెమాడిన యోబే తన్ను గూర్చి యుక్తముగా పలికెనని చెప్పెను. ఆ ముగ్గురి కొరకు ప్రార్థన చేయు పనిని కూడ యోబుకే అప్పగించెను. నా సమాధుల దొడ్డిలో ఆ ముగ్గురిలో ఒకనిగా నిలిచితినని తెలిసికొనుటకు నాకు రెండేండ్లు పట్టెను.

ఈ సంవత్సరము శ్రమకాలములో ఒక సాయంకాలము ఆ వృద్ధుని వెదకికొని పోతిని. ఇరువదియారు అంతస్తుల మేడ క్రింద, కార్లు నిలుపు నేలమాళిగలో, ఆయనది ఒక గది. మంచము, పొయ్యి, గోడమీద మనుమని ఫొటో. నన్ను చూచి కంగారుపడి మంచముమీది దుప్పటి సర్దెను.

“పెద్దయ్యా, ఆ రోజు మీరు ఎత్తుకున్న పద్యం హరిశ్చంద్రలోది కాదు. అది రాసింది మన క్రైస్తవుడే. ఆ మాట చెబుదామని వచ్చాను,” అంటిని. ఆయన నావైపు చిత్రముగా చూచెను.

“తెలుసయ్యగారూ. జాషువా గారిది గదా. మా వినుకొండాయనే. మా నాయిన నాకు నేర్పిందే అది. మనోళ్ళ పద్యమే గదా అని ఎత్తుకున్నా.”

“మరి ఆ రోజు పెద్దగారితో ఆ ముక్క చెప్పలేదే?”

ఆయన పొయ్యి మీది టీ గిన్నె దించి, రెండు గ్లాసులలో పోసి, ఒకటి నా చేతికిచ్చెను. “మీరు చెబుతారేమోనని చూశానయ్యగారూ” అనెను.

టీ త్రాగితిమి. తరువాత నేను అడుగగా చొక్కా తొడుగుకొని నాతోకూడ సమాధుల దొడ్డికి వచ్చెను. రింగు రోడ్డు మీద లారీల హోరు. మట్టిదిబ్బ రెండు వానలకు క్రుంగిపోయి యుండెను. కొవ్వొత్తి నేను వెలిగించితిని. ఆయన గొంతు సవరించుకొని మొదలుపెట్టెను. మూడవ పాదములో ఆయనకు మాట తప్పెను. ఆగి, నావైపు చూచెను. నేను అందించితిని.